వెలుతురు కోసం నిలబడ్డ మనిషి

నా స్టూడియోకి ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా ఫోన్ పట్టుకుని వస్తారు. "ఏవండీ, ఈ ఫోటోలో మా పాప వెనకాల ఎవరో నిలబడ్డట్టుంది, ఒక్కసారి చూసి చెప్తారా?" అంటారు. నేను కళ్ళజోడు తుడుచుకుని చూస్తాను. లెన్సు మీద వేలిముద్ర ఉంటుంది. లేకపోతే షట్టర్ మూసుకునేలోపు కదిలిన మనిషి. అదీ కాకపోతే ఎదురుగా ఉన్న ట్యూబులైటు చేసిన గొడవ. తాడేపల్లిగూడెంలో ముప్ఫై ఏళ్ళుగా ఫోటోలు తీస్తున్నాను. నా దగ్గరికొచ్చిన దయ్యాలన్నిటికీ కారణం చెప్పి పంపించేశాను. కొంతమంది నిరాశపడి వెళ్ళేవారు కూడా.

దానికి తోడు మేం చర్చికెళ్ళే మనుషులం. చనిపోయినవాళ్ళు పునరుత్థానం దాకా నిద్రలో ఉంటారని చిన్నప్పటి నుంచీ విన్నాను. అటు చర్చి ప్రకారం చూసినా, ఇటు కెమెరా ప్రకారం చూసినా దయ్యాలకి నా జీవితంలో చోటు లేదు. ఇప్పటికీ లేదు. నాకు జరిగినదాన్ని ఎవరైనా దయ్యం అంటే నాకు కోపం వస్తుంది. మరి ఏమనాలో మాత్రం తెలీదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు నా భార్య కరుణ గురించి చెప్పాలి.

మాకు పిల్లలు లేరు. పెళ్ళయిన నాలుగైదేళ్ళకి కరుణ ఇంట్లో ఒక్కతే ఉండలేక నాతోపాటు పనికి రావడం మొదలుపెట్టింది. పనంటే పెళ్ళికి కాదు, పెళ్ళికి ముందు చేసే పనికి. ఇప్పుడు అందరికీ ఔట్‌డోర్ ఫోటోలు కావాలి. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు ఓ కొండ మీదో, ఓ చెరువు పక్కనో నిలబడి నవ్వాలి. వాళ్ళు వచ్చే రోజుకి ముందే మనం వెళ్ళి చోటు చూసుకోవాలి. ఎండ ఎన్నింటికి ఎటు నుంచి వస్తుంది, వెనకాల కరెంటు స్తంభం పడుతుందా, అమ్మాయి ఎక్కడ నిలబడితే మొహం బాగుంటుంది, ఇవన్నీ తేల్చుకోవాలి.

చోటు చూడాలంటే అక్కడ ఒక మనిషి నిలబడాలి. చెట్టు మీద పడే వెలుతురు వేరు, మొహం మీద పడే వెలుతురు వేరు. ఆ మనిషి కరుణ.

దాదాపు ఇరవై ఏళ్ళు అలా నిలబడింది. నల్లజర్ల జీడిమామిడి తోటల్లో, పెదవేగి పామాయిల్ చెట్ల మధ్య, గోదావరి ఇసకలో, పెదపాడు చేల గట్ల మీద. చలికాలమైతే చీర మీద నా పాత మెరూన్ స్వెట్టర్ వేసుకునేది. చేతులు పొడుగని మణికట్టు దగ్గర రెండు మడతలు పెట్టేది. నేను చూపించిన చోటికి వెళ్ళి, చెప్పులు విప్పి, రెండూ వీపు వెనక పట్టుకునేది. చెప్పులు కింద ఉంటే ఫోటోలో పడతాయని, దూరంగా వదిలితే కుక్కలెత్తుకుపోతాయని ఆవిడ లెక్క.

ఒకసారి నిలబడిందంటే నేను "అయ్యింది" అనేదాకా కదిలేది కాదు. మధ్యమధ్యలో "అయ్యిందాండీ?" అని అడిగేది. ఓ రోజు జీడితోటలో నిలబెట్టి, ఫోన్ వస్తే మాట్లాడుకుంటూ రోడ్డు దాకా వెళ్ళిపోయాను. ఆల్బమ్ విషయంలో ఎవరితోనో పావుగంట వాదన. తిరిగొచ్చేసరికి అక్కడే, అలాగే ఉంది. కాళ్ళ మీద ఎర్రచీమలు. "పక్కకి జరగొచ్చు కదా" అని నేనే కసిరాను. "జరిగితే మీరు మళ్ళీ మొదటి నుంచీ చూసుకోవాలి కదండీ" అంది. అప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే అన్నం సహించదు.

ఆ ఫోటోలన్నీ ఏమయ్యాయని మీరడుగుతారు. రీళ్ళ కాలంలో చోటు చూడ్డానికి రీలు ఖర్చుపెట్టేవాణ్ణి కాదు, కంటితో చూసుకోవడమే. డిజిటల్ వచ్చాక తీసినవన్నీ చెరిపేశాను. ఒక్కటీ ఉంచలేదు.

కారణం ఉంది. డిజిటల్ కెమెరా కొత్తలో ఓ పెళ్ళికి వెళ్ళాను. ముందురోజు కరుణని నిలబెట్టి తీసినవన్నీ కెమెరా మెమరీ కార్డులోనే ఉండిపోయాయి, నేను చూసుకోలేదు. సరిగ్గా తాళి కట్టే వేళకి కార్డు నిండిపోయింది. ఇంకో కార్డు మార్చేసరికి రెండు ముళ్ళు పడిపోయాయి. పెళ్ళికూతురి తండ్రి పదిమందిలో నన్ను నిలబెట్టి అన్న మాటలు ఇక్కడ రాయలేను. ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. చోటు చూడ్డానికి వెళ్ళొచ్చిన సాయంత్రం, కావలసిన వివరాలు పుస్తకంలో రాసుకుని, కాళ్ళు కడుక్కోకముందే కార్డు ఖాళీ చేసెయ్యాలి. నేను మర్చిపోతే కరుణే గుర్తుచేసేది. "కార్డు తుడిచేశారా?" అని వంటింట్లోంచి కేకేసేది. తన ఫోటోలు చెరిపెయ్యమని తనే చెప్పేది పాపం.

రెండేళ్ళ కిందట వానాకాలంలో తనకి జ్వరం వచ్చింది. ఏలూరులో ఆసుపత్రిలో ఐదు రోజులుంచాం. ఆరో రోజు లేదు. తనకి నలభై ఏడేళ్ళు.

జ్ఞాపకార్థ కూడికకి ఫ్లెక్సీ వేయించాలి, ఫోటో ఇమ్మన్నారు. నేను వెతకడం మొదలుపెట్టాను. మా పెళ్ళి ఆల్బమ్ ఉంది కానీ అందులో ఉన్నది ఇరవై రెండేళ్ళ పిల్ల. ఫోన్లో కొన్ని ఉన్నాయి. పొయ్యి దగ్గర, బస్సులో, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎవరెవరో తీసినవి. నేను తీసినది ఒక్కటి లేదు. చివరికి వేరేవాళ్ళ పెళ్ళి ఫోటోలో జనం మధ్య కూర్చున్న కరుణని కత్తిరించి తీశాను. కళ్ళు సగం మూసుకుని ఉన్నాయి. పక్కావిడ మోచెయ్యి అడ్డమొస్తే అదీ నేనే చెరిపాను.

ఫ్లెక్సీ చూసి మా మరదలు, అంటే కరుణ చెల్లెలు, అందరి ముందే అడిగేసింది. "ఊళ్ళో ఆడాళ్ళందరికీ ఫోటోలు తీశారు కదండీ బావగారూ, మా అక్కది మంచిదొక్కటి లేదా?"

ఆ అమ్మాయి ఏడుస్తూ అంది, దెప్పడానికి కాదు. కానీ అందులో అబద్ధం ఏముంది?

కూడిక అయిన వారానికి పాత కార్డులన్నీ ముందేసుకుని కూర్చున్నాను. చెరిపిన ఫోటో వెంటనే పోదు. దాని మీద కొత్త ఫోటో పడేదాకా కార్డులో ఎక్కడో దాక్కుని ఉంటుంది. వెనక్కి తెచ్చే ప్రోగ్రాం నా కంప్యూటర్లో ఉంది. పొరపాటున చెరిపేసుకున్న ఎంతమందికో తెచ్చిపెట్టాను కూడా. పధ్నాలుగు కార్డులు, మూడు రోజులు. అన్నిట్లోనూ ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళే దొరికాయి. ఒక్క కార్డులో మాత్రం ఒక ఫోటో పైభాగం వచ్చింది. ఆకాశం, తాటిచెట్ల తలలు, నడినెత్తి మీద పాపిడి. అక్కడికి ఆగిపోయి కిందంతా బూడిదరంగు. నుదురు కూడా లేదు. ఆ పాపిడి కరుణదే. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

ఇక అసలు విషయం. మొన్న చలికాలం చివర, మాఘమాసం పెళ్ళిళ్ళ హడావుడిలో, తణుకు నుంచి ఓ కుటుంబం వచ్చింది. అబ్బాయికి కొండ కావాలి, అమ్మాయికి నీళ్ళు కావాలి, ఇద్దరికీ పొగమంచు కావాలి. "సిమ్లాలాగా ఉండాలండీ" అన్నాడు పెళ్ళికొడుకు. మా వైపు నేల చూశారుగా, గచ్చు చేసినట్టు చదునుగా ఉంటుంది. "సిమ్లాకి టికెట్ మీరు తీయిస్తారా బాబూ?" అన్నాను. నవ్వేశారు. ఓ సాయంత్రం కొండ దగ్గర, ఓ పొద్దున్న కొల్లేట్లో తీద్దామని ఒప్పుకున్నారు.

కరుణ పోయాక చోటు చూడ్డానికి వెళ్ళడం అదే మొదటిసారి. అప్పటిదాకా అలవాటైన చోట్లలోనే పని లాగించేశాను. తెలిసిన చోటైతే మనిషిని నిలబెట్టి చూసే పని లేదు కదా. ఇంకొకరిని తీసుకెళ్ళొచ్చు, నిజమే. తను నిలబడే చోట ఇంకెవరినీ నిలబెట్టబుద్ధి కాలేదు.

మొదటి రోజు కొండ పని. పెదవేగి దాటి జీలకర్రగూడెం వైపు వెళ్ళాను. ఆ కొండలు పెద్దవి కావు. కానీ సాయంత్రం నాలుగున్నరకి, ఫిబ్రవరి ఎండలో, కింద నుంచి చూస్తే చాలా బాగుంటాయి. ఆకులు రాలిన చెట్ల మధ్య నుంచి వెలుతురు పల్చగా, పసుపు కలిపినట్టు వస్తుంది. మనిషి లేడు కాబట్టి ఓ బండ మీద కెమెరా సంచీ పెట్టి దాన్నే పెళ్ళికూతురనుకున్నాను. రెండు ఫోటోలు తీశాక, "కొంచెం ఎడమకి జరుగు" అన్నాను. పైకే అన్నాను. సంచీ ఎడమకి జరగలేదు. మేకలు తోలుకెళ్తున్న ముసలాయన ఆగి నన్ను ఓసారి చూసి వెళ్ళిపోయాడు. నేనక్కడే బండ మీద కూర్చుని కాసేపు ఏడ్చాను. సిగ్గుపడాల్సిన పనేం లేదు, ఏడ్చాను.

రెండో రోజు కొల్లేరు. తెల్లారకముందే బండి మీద బయల్దేరి ఏలూరు మీదుగా శ్రీపర్రు వైపు వెళ్ళాను. పాత చోట్లు వద్దనుకున్నాను. ఆ చోట్లలో ప్రతి గట్టు మీదా కరుణ నిలబడింది. అందుకని ఎప్పుడూ వెళ్ళని దారి పట్టి, కొల్లేటి మధ్య లంక ఊళ్ళ లోపలికి పోయి, చేపల చెరువుల మధ్య ఓ కొత్త గట్టు దగ్గర ఆగాను. అక్కడికి నేనెప్పుడూ వెళ్ళలేదు. కరుణ అసలే వెళ్ళలేదు. ఈ మాట గుర్తుంచుకోండి.

టైం ఏడుంబావు. బాగా తెల్లవారింది. నీళ్ళ మీద మంచు లేస్తోంది. అటు పక్క చెరువు, ఇటు పక్క కిక్కిస గడ్డి, మధ్యలో గట్టు తిన్నగా పోయి మంచులో కలిసిపోయింది. ఓ యాభై గజాల దూరంలో చెరువు కాపలావాళ్ళ రేకుల షెడ్డు లీలగా కనిపిస్తోంది. గూడబాతులు ఓ పాతిక నీళ్ళ మీద తేలుతున్నాయి. ఇంకో నెలకి కొన్ని వెళ్ళిపోతాయి. చూడగానే ఇదే చోటు అనిపించింది. కరుణ ఉంటే ఏమనేదో కూడా నాకు తెలుసు. "ఇక్కడ వాళ్ళు నవ్వక్కర్లేదండీ, ఊరికే నిలబడితే చాలు" అనేది.

ట్రైపాడ్ నిలబెట్టాను. కరుణ పొట్టి మనిషి, తన తల నా గుండెల దగ్గరికి వచ్చేది. చెయ్యి అలవాటుగా ట్రైపాడ్‌ని ఆ ఎత్తులోనే బిగించింది. నేనేం మార్చలేదు. సంచీ కింద పెడదామంటే గట్టంతా తడి. అందుకని ఖాళీ గట్టుకే ఫోటోలు తీశాను. కెమెరా దానంతటదే ఫోకస్ పట్టుకునేటట్టు పెట్టి ఒకటొకటే నొక్కుకుంటూ పోయాను.

ఆ రోజు నేను నోరు కట్టేసుకోలేదు. ముందురోజు ఏడుపు ఏడ్చేశాను కదా, ఇంక మొహమాటం ఎవరికి? "ఆఁ, అక్కడే" అన్నాను. "గడ్డం కొంచెం ఎత్తు" అన్నాను. ఇంకొన్ని తీశాక, "ఒకడుగు ముందుకి రా" అన్నాను. ఎన్నో ఫోటో దగ్గర అన్నానో మాత్రం లెక్కపెట్టుకోలేదు. పిచ్చి అనుకుంటే అనుకోండి. ఆ పది నిమిషాలూ నాకు హాయిగా ఉంది. రెండేళ్ళ తర్వాత పని పనిలా అనిపించింది.

నాకేమీ కనిపించలేదు. ఏమీ వినిపించలేదు. ఒళ్ళు జలదరించలేదు. చల్లగాలి ప్రత్యేకంగా ఏమీ వీచలేదు, మొత్తం చలే. కెమెరా వెనక చిన్న తెర మీద చూశాను గానీ వెలుతురు చాలిందా లేదా అంతే చూశాను. మనిషి లేని ఫోటోలో ఫోకస్ ఎవరు చూస్తారు? అన్నీ సర్దుకుని బండెక్కాను.

ఇంటికొచ్చి పుస్తకంలో రాసుకున్నాను. ఏడుంబావు నుంచి ఏడూ ఇరవై ఐదు దాకా మంచి వెలుతురు, ఎండ ఎడమ నుంచి, గట్టు తడి, పెళ్ళికూతురికి వేరే చెప్పులు తెమ్మని చెప్పాలి. కార్డు తుడిచేశాను. తర్వాత కాళ్ళు కడుక్కున్నాను.

నాలుగు రోజుల తర్వాత తణుకు వాళ్ళని అదే గట్టుకి తీసుకెళ్ళాను. ఆ పొద్దున్న కూడా మంచు బాగా పట్టింది. పెళ్ళికూతురు కారులో తయారవుతుంటే నేను కెమెరా బిగించుకుంటున్నాను. షెడ్డు వైపు నుంచి ఓ ఆడమనిషి వచ్చింది. ముప్ఫై, ముప్ఫై ఐదేళ్ళుంటాయి. చెరువు కాపలా ఆయన భార్యట, పేరు నాగవేణి. ఇంకో లంక నుంచి పనికొచ్చి రెండు నెలలే అయ్యిందని తర్వాత తెలిసింది. నేనెవరో ఆమెకి తెలీదు.

"ఆ రోజు వచ్చిన అమ్మగారు రాలేదాండీ?" అని అడిగింది.

ఏ అమ్మగారన్నాను.

"అదేనండీ, మీరు ఫోటోలు తీశారు కదండీ, అక్కడ నిలబెట్టి. ముదురెరుపు స్వెట్టరేసుకున్నారు, దాని చేతులు మణికట్టు దగ్గర మడతపెట్టుకుని. నేను వెనక నుంచే చూశాలెండి. చెప్పులు రెండూ ఇలా వెనక్కి పట్టుకున్నారు." అంటూ తన రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టి చూపించింది.

బిగించిన కెమెరాని విప్పి మళ్ళీ బిగించాను.

ఆ చెప్పుల సంగతి ఫోటోలో పడేది కాదు. నా వైపు నుంచి ఎప్పుడూ కనిపించేది కాదు. వెనక నుంచి చూసేవాళ్ళకే కనిపిస్తుంది. నాగవేణి షెడ్డు దగ్గర నుంచి, అంటే సరిగ్గా వెనక నుంచే చూసింది.

ఆమె ఇంకా చెప్పుకుంటూ పోయింది. మనిషి మంచిది, నా మొహం గమనించలేదు. "పాపం ఆవిడ చలికి ఒణికిపోతున్నారండీ. అయ్యిందాండీ, అయ్యిందాండీ అని ఎన్నిసార్లడిగారో. మా షెడ్డు దాకా వినపడింది, మీకు వినపడలేదో ఏమో, మీరు పలకనే లేదు. ఇద్దరికీ టీ పెట్టిద్దామని లోపలికెళ్ళానండీ. పట్టుకొచ్చేసరికి బండి వెళ్ళిపోయింది. ఒంట్లో బాగుందాండీ అమ్మగారికి?"

బాగోలేదమ్మా అన్నాను. అందుకే రాలేదన్నాను. అంతకన్నా ఏం చెప్పను?

పెళ్ళికూతురు వచ్చింది, ఎండ లేస్తోంది. నేను పని చేశాను. ఎలా చేశానో గుర్తులేదు. ఆ ఫోటోలు చాలా బాగున్నాయని తణుకు వాళ్ళు ఇప్పటికీ అంటారు. పని అయ్యాక నాగవేణి దగ్గరికి వెళ్ళి మళ్ళీ అడిగాను. ఆవిడ ఎంత పొడుగున్నారు, జుట్టెలా ఉంది, ఇంకెవరైనా ఊళ్ళో ఆడవాళ్ళేమో. ఆమె ఆలోచించి చెప్పింది. పొట్టిగా ఉన్నారంది. జడ కాదు ముడి అంది. మా ఊరివాళ్ళు కాదండీ, మాటను బట్టి చదువుకున్నావిడలా ఉన్నారంది. ఆమె భర్తని అడిగితే తనా టైంలో అవతలి చెరువు దగ్గర మేత వేస్తున్నానని, ఏమీ చూడలేదని చెప్పాడు. ఇదీ రాస్తున్నాను, ఎందుకంటే చూసిన మనిషి ఒక్కతే.

ఇంటికి ఎలా వచ్చానో తెలీదు. దారంతా ఒకటే మాట నన్ను తినేసింది. నేను ఇన్నాళ్ళూ ఒక్క ఫోటో కోసం ఏడ్చాను. ఆ గట్టు మీద తను నిజంగా నిలబడి ఉంటే నేను పది నిమిషాలు ఫోటోలు తీశాను. అడిగితే పలకలేదు. ఇంటికొచ్చి మళ్ళీ చెరిపేశాను.

అదృష్టం ఏమిటంటే తణుకు వాళ్ళ పనికి వేరే కార్డులు వాడాను. ఆ రోజుది తుడిచి డబ్బాలో పెట్టింది పెట్టినట్టే ఉంది. దాని మీద కొత్తగా ఏమీ పడలేదు. స్టూడియో షట్టరు దించి, పట్టపగలే లోపల కూర్చుని, ప్రోగ్రాం నడిపాను. అది పనిచేస్తున్న ఇరవై నిమిషాలూ నేను ప్రార్థన చేశానని చెప్పను. దేవుణ్ణి ఏమని అడగాలో తెలీలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఆ పొద్దున్న గట్టు మీద తీసిన పదకొండు ఫోటోలూ వచ్చాయి. చెక్కుచెదరకుండా వచ్చాయి.

ఒక్కదాన్లోనూ కరుణ లేదు.

గట్టు, మంచు, నీళ్ళు. నీడ కూడా లేదు. నేను ఒక్కొక్కటీ పెద్దది చేసి మూలమూలా వెతికాను. ఇన్నాళ్ళూ ఫోన్లు పట్టుకొచ్చినవాళ్ళకి నేను చెప్పిన కబుర్లన్నీ మర్చిపోయి, వాళ్ళకంటే ఆత్రంగా వెతికాను. లేదు. లేనే లేదు. కుర్చీలో వెనక్కి వాలి, నాగవేణి ఎవరినో చూసి ఉంటుందిలే అనుకున్నాను. ఆ అనుకోవడం చాలా బాధగా ఉంది.

కాసేపటికి గానీ నా కంటికి ఆనలేదు. ఆ ఫోటోల్లో వెనకాలంతా మసకగా ఉంది. గడ్డి మసక, షెడ్డు మసక, గూడబాతులు తెల్ల చుక్కలు. మనిషిని నిలబెట్టి తీస్తే వెనకాల ఎలా మసకబారుతుందో అలా ఉంది.

ఇప్పటి కెమెరాలు ఎదుట మనిషి ఉంటే కన్ను వెతికి పట్టుకుంటాయి, అక్కడే ఫోకస్ నిలుపుతాయి. మనిషి లేకపోతే ఎదురుగా ఏది ఉంటే దాన్ని పట్టుకుంటాయి. ఇక్కడ ఎదురుగా ఉన్నది దూరపు గడ్డి, షెడ్డు. వాటిని పట్టుకోలేదు. మొదటి ఫోటోల్లో కింద, గట్టు మీద ఒకే ఒక్క చోట, జానెడు మేర నేల సూదిమొనలా స్పష్టంగా ఉంది. ఓ మట్టిపెళ్ళ, ఓ నత్తగుల్ల. దానికి ముందూ మసకే, వెనకా మసకే. ఎంత దూరంలో ఫోకస్ పట్టిందో నా లెన్సు ఫైల్లో రాసిపెడుతుంది. చూశాను. పదిహేను అడుగులు. పదిహేను అడుగుల దూరంలో గాలి తప్ప ఏమీ లేదు.

ఆరో ఫోటో నుంచి నత్తగుల్ల మసకబారింది. దానికి ఇవతల ఉన్న గడ్డిదుబ్బు స్పష్టంగా వచ్చింది. దూరం పదమూడు అడుగులు. ఒకడుగు వేస్తే ఎంత ముందుకొస్తామో అంత.

నేను కారణాలు వెతకలేదనుకోకండి. నా బతుకే కారణాలు వెతకడం. లెన్సు పాడైందేమోనని సర్వీసుకి పంపాను. ఏ లోపమూ లేదని తిప్పి పంపారు. అదే లెన్సుతో ముందురోజు కొండ దగ్గర తీసినవాటిలో పోకుండా మిగిలినవి కూడా ఆ కార్డులోంచే వెనక్కి వచ్చాయి. అన్నిట్లోనూ సంచీ మీద సరిగ్గా ఫోకస్ ఉంది. మంచులో కెమెరా తడబడుతుందని ఓ స్నేహితుడన్నాడు. తడబడితే ఒక్కో ఫోటోకి ఒక్కో దూరం రావాలి. ఐదు ఫోటోలకి పదిహేను అడుగుల దగ్గర, తర్వాత ఐదింటికి పదమూడు అడుగుల దగ్గర ఎందుకు ఆగాలి? మళ్ళీ నాలుగుసార్లు ఆ గట్టుకి అదే టైంకి వెళ్ళి, ఖాళీ గట్టుని ఫోటోలు తీశాను. ప్రతిసారీ కెమెరా వెళ్ళి దూరపు గడ్డినే పట్టుకుంది. నాగవేణి టీ ఇచ్చింది. మళ్ళీ ఎవరూ కనిపించలేదంది.

ఓ ఆదివారం ప్రార్థన అయ్యాక మా మరదల్ని స్టూడియోకి పిలిచి ఆ ఫోటోలు చూపించాను. జరిగిందంతా చెప్పాను. ఆ అమ్మాయి టీచరు, దేన్నీ ఊరికే ఒప్పుకోదు. చాలాసేపు చూసింది. "గట్టు తప్ప ఏం కనపడట్లేదండీ బావగారూ" అంది మెల్లిగా. అవునమ్మా అన్నాను. వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చి, "నాకూ ఒకటి కడిగించి ఇవ్వండి" అంది. ఏది కావాలంటే, తెర మీద ఉన్న పదకొండోదాన్ని చూపించింది.

ఆ పదకొండో ఫోటో గురించి నేను ఆ అమ్మాయికి చెప్పలేదు. ఇక్కడ మొదటిసారి చెప్తున్నాను. అందులో ఏ ఒక్క అంగుళమూ స్పష్టంగా లేదు. నత్తగుల్లా లేదు, గడ్డిదుబ్బూ లేదు. నీళ్ళు, మంచు, తెల్లవారిన ఎండ అన్నీ కలిసిపోయి రంగుల్లా ఉన్నాయి. ఏ కస్టమరైనా దాన్ని చూస్తే పాడైన ఫోటో అంటాడు. ఫైల్లో దూరం చూశాను. రెండున్నర అడుగులు. ఆ ఎత్తులో పెట్టిన కెమెరాకి అంత దగ్గర నిలబడితే కరుణ మొహం ఒక్కటే పడుతుంది, ఇంకేమీ పట్టదు.

చెప్పకుండా కదిలే మనిషి కాదు కరుణ. చీమలు కుడుతున్నా కదల్లేదు. ఒకడుగు ముందుకి రమ్మన్నాను, అది నిజం. అంత దగ్గరికి నేను రమ్మనలేదు.